ఫ్లోరెన్స్ వెళ్తున్న మా మేనకోడలికి: కట్టినవాళ్లతో పాటు డబ్బు పెట్టినవాళ్లనీ చూడు

అమ్మడూ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. ఆరు నెలలు ఫ్లోరెన్స్‌లో ఆర్కిటెక్చర్ చదవబోతున్నావు కదా, చూడాల్సినవన్నీ రాసుకున్నావు, ప్రతిదాని పక్కనా ఎవరు కట్టారో కూడా రాశావు. డబ్బు ఎవరు పెట్టారో మాత్రం ఒక్కచోటా లేదు. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో, అందులో సగం విదేశీ బిల్లుల సెక్షన్‌లో కూర్చున్న నాకు ముందు కంటపడేది అదే. నేను ఆ ఊరు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి గైడ్ వెనకాల తిరిగాను, ఏదీ మనసులో నిలవలేదు. రెండోసారి ప్రతి కట్టడం ముందూ ఆగి, ఈ సొమ్ము ఏ వ్యాపారంలో వచ్చింది, తెచ్చి ఇక్కడ రాయిలో ఎందుకు పెట్టారు అని అడుగుతూ తిరిగాను. ఆ చూసినవి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

మొదటి రోజు డోమ్ దగ్గరికి, అంటే ఆ ఊరి పెద్ద చర్చి గోపురం దగ్గరికి వెళ్లకు. అది ఎక్కడికీ పోదు. దానికి కాస్త దూరంలోనే ఓర్సాన్‌మికేలే ఉంది, అక్కడ మొదలుపెట్టు. పేరుకి చర్చి, కానీ 1337లో కట్టడం మొదలుపెట్టింది ధాన్యం బజారుగా, కింద అమ్మకాలు, పైన గిడ్డంగి. లోపల ఉత్తరం వైపు స్తంభాలకి చిన్న సందులు కనిపిస్తాయి, పైన నిలవ చేసిన గింజలు వాటిలోంచే కిందికి జారేవి. ఒకే కప్పు కింద దేవుడు, గింజలు, బేరం. ఆ ఊరి తత్వం నాకు అక్కడే అర్థమైంది.

బయటి గోడల గూళ్లలో ఒక్కో వృత్తి సంఘం తన సెయింట్ విగ్రహం పెట్టించుకుంది. ఇప్పుడు గూళ్లలో ఉన్నవి నకళ్లు, అసలువి ఎక్కువ భాగం పైన మ్యూజియంలో ఉన్నాయి, రెండూ చూడు. చాలామటుకు పాలరాయివి. బట్టల టోకు వర్తకులు మాత్రం గిబెర్తీ అనే శిల్పి చేత కంచులో బాప్టిస్ట్ యోహానుని పోయించారు. 1419లో షరాబుల సంఘం, అంటే డబ్బు మార్చేవాళ్లూ బ్యాంకర్లూ, అదే గిబెర్తీతో సెయింట్ మత్తయి విగ్రహానికి ఒప్పందం రాసుకుంటూ, అది ఆ యోహాను విగ్రహం కన్నా చిన్నదిగా ఉండకూడదని షరతు పెట్టారు. నీ క్లాసులో ఆ విగ్రహం వస్త్రాల మడతల గురించి చెప్తారు, అదీ నేర్చుకో. కానీ ఆ కొలత ఎక్కడినుంచి వచ్చిందో ఆ షరతు చెప్తుంది. డోమ్ కూడా అంతే, 1420 నుంచి 1436 దాకా బ్రూనెల్లెస్కీ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఆ పనిని చూసుకున్నది ఉన్ని సంఘం. 1419లో ఆయనే మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమానికి డబ్బు పట్టు సంఘానిది.

ఇక బిల్లు, అంటే మారకపు చీటీ సంగతి. ఇది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు, కాబట్టి ఓపిగ్గా చదువు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి నిషేధించింది. మరి బ్యాంకు ఎలా బతకాలి? ఫ్లోరెన్స్‌లో నీకు నేను ఒక ఫ్లోరిన్, అంటే ఆ ఊరి బంగారు నాణెం, ఇస్తాను. నువ్వు ఒక చీటీ రాసిస్తావు, మూడు నెలల తర్వాత లండన్‌లో నీ మనిషి నా మనిషికి 47 పెన్నీలు ఇవ్వాలని. అక్కడ నా మనిషి ఆ 47 పెన్నీలనీ మళ్లీ అలాంటి చీటీ మీదే ఇంకొకరికి ఇస్తాడు, కానీ లండన్ రేటు ఫ్లోరిన్‌కి 44. ఇంకో మూడు నెలలకి నాకు ఫ్లోరెన్స్‌లో 1.07 ఫ్లోరిన్ దాకా వచ్చి పడుతుంది. ఆరు నెలల్లో ఏడు శాతం. అంకెలు నేను ఉదాహరణకి వేసినవే, పద్ధతి మాత్రం అదే. ఎక్కడా వడ్డీ అన్న మాట లేదు, అంతా మారకం. రేటు ఎటు తిరుగుతుందో ముందే తెలియదు కనుక నష్టపోయే అవకాశమూ ఉంది, అందుకే ఇది అప్పు కాదు, మారకం అని వాదించగలిగారు. మన దగ్గర షావుకార్లు నడిపిన హుండీ చీటీ గుర్తుందా, మీ తాతయ్య చెప్పేవారు, దానికి ఇది దగ్గరి చుట్టం.

అయితే లోపల గుచ్చుకునేది గుచ్చుకుంటూనే ఉండేది. 1397లో జొవాన్నీ ది బిచ్చీ మొదలుపెట్టిన మెడిచీ కుటుంబపు బ్యాంకు ఆయన కొడుకు కోసిమో చేతికి వచ్చాక, కోసిమో సాన్ మార్కో మఠాన్ని మికెలోట్సో అనే ఆర్కిటెక్ట్ చేత తిరిగి కట్టించాడు. ధర్మంగా రాని సొమ్ము తన దగ్గర ఉందన్న బెంగతోనే అంత ఖర్చు పెట్టాడని ఆయన కాలంవాళ్లే రాశారు. మఠంలో కోసిమో కోసం ఉంచిన గది ఇప్పటికీ ఉంది. సన్యాసుల గదుల వరస దాటి అక్కడికి నడువు, తొందరపడకు.

ఆయన మనవడు లొరెంజో తమ ఇంటి లెక్కలు చూసుకుంటూ ఒక అంకె రాసిపెట్టాడు: 1434 నుంచి 1471 వరకు కట్టడాలకి, దానధర్మాలకి, పన్నులకి కలిపి 6,63,755 ఫ్లోరిన్లు. ఫ్లోరిన్ అంటే మూడున్నర గ్రాముల బంగారం, గుణించి చూసుకో. ఆ ఖర్చుకి తను బాధపడటం లేదని కూడా రాశాడు. కట్టడాలూ దానాలూ పన్నులూ ఒకే పద్దులో కలిపి రాశాడని గమనించు, వాళ్ల దృష్టిలో మూడూ ఒకే పనికి పెట్టిన ఖర్చు.

పన్ను అంటే గుర్తొచ్చింది. 1427లో ఫ్లోరెన్స్ కతాస్తో అనే పన్ను పెట్టింది. ఇంటి పెద్దలందరూ ఆస్తులు, అప్పులు, ఇంట్లో తినే నోళ్లు ఎన్నో రాసివ్వాలి, ఒక్కో నోటికి 200 ఫ్లోరిన్లు మినహాయింపు. దాంతోపాటు సొంతంగా ఉండే ఇంటికి పన్ను లేదు. ప్యాలెస్‌లన్నీ ఇందుకే కట్టారని అననుగానీ, ఐటీ రిటర్నులు వేసిన ఎవరికైనా ఆ మాట చెవిలో పడకుండా ఉండదు.

ఇది తెలిశాక 1444లో మొదలైన మెడిచీ ప్యాలెస్ ముందుకి వెళ్లు. కింది అంతస్తు రాళ్లు కొండలోంచి ఇప్పుడే ఊడదీసినట్టు గరుకుగా ఉంటాయి, రెండో అంతస్తులో చదునై సందులు మాత్రమే కనిపిస్తాయి, మూడోదానికి దాదాపు నున్నటి గోడ. చెయ్యి పెట్టి చూడు, కింది రాయి అరచేతిని గీరుతుంది. గోడ పొడవునా వీధి వైపు రాతి అరుగు ఉంది. పని మీద వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు, మన పెద్దిళ్ల ముందు అరుగుల్లాగే. మూల మీద ఇప్పుడు కిటికీలు ఉన్నచోట అప్పట్లో వీధిలోకి తెరిచిన మండపం ఉండేది. ఒక్క జాగ్రత్త: 1659లో రిక్కార్దీ కుటుంబం ఆ ఇంటిని కొని తర్వాత పొడిగించింది, కాబట్టి ఇప్పుడున్న పొడవు చూసి కోసిమో నిష్పత్తుల లెక్కలు వెయ్యకు.

ఉఫీజీ గ్యాలరీలో అందరూ చిత్రకారుడు బొత్తిచెల్లీ గదిలో తొక్కుకుంటారు. అది చూశాక పోర్తినారీ చిత్రం దగ్గరికి వెళ్లు. బ్రూజ్‌లో మెడిచీ బ్రాంచి నడిపిన తొమ్మాసో పోర్తినారీ, భార్యా పిల్లలతో మోకాళ్ల మీద ఉంటాడు. ఈయన బర్గండీ ప్రభువు చార్ల్స్‌కి సలహాదారుగా కూర్చుని, ఒప్పందంలో రాసిన హద్దు దాటి ఆయనకే అప్పులిచ్చాడు. 1477లో చార్ల్స్ యుద్ధంలో చచ్చిపోయాడు, ఆ అప్పుల దెబ్బకి తర్వాత కొద్ది ఏళ్లకే బ్రాంచి మూతపడింది. 1494కి బ్యాంకే లేదు. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో ఇలాగే జరిగింది. పెద్ద పార్టీ, వాళ్లింటి పెళ్లిళ్లలో మా మేనేజరుకి ముందు వరసలో కుర్చీ, లిమిట్ దాటి ఓవర్‌డ్రాఫ్ట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్. కాగితాలు నా టేబుల్ మీదుగానే వెళ్లాయి. ఒకసారి అడిగాను, రెండోసారి అడగలేదు, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే ఆ చిత్రం ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఒక ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకుని ప్రాతో వెళ్లు, రైల్లో అరగంట. 1410లో చనిపోయిన దాతీనీ అనే వర్తకుడి ఇల్లు ఆ ఊళ్లో ఉంది. లక్షా యాభై వేల దాకా ఉత్తరాలు, సుమారు 500 లెక్కల పుస్తకాలు వదిలి వెళ్లాడు. ఆ ఇంట్లోనే మెట్ల దగ్గర మూసేసిన సందులో పడి ఉండి 1870లో బయటపడ్డాయి. చిట్టా మొదటి పేజీలో దేవుడి పేరిట, లాభం పేరిట అని రాసుకునేవాడు. నాకు అంతకన్నా నచ్చింది ఆయన భార్య మార్గెరీతా. పెద్దయ్యాక రాయడం నేర్చుకుని మొగుడికి తన చేత్తో ఉత్తరాలు రాసింది, ఇంటి పనులూ పనివాళ్ల సంగతీ అన్నీ ఆమే చూసుకునేది.

వెనిస్ వెళ్తే పాత బజారు ప్రాంతం రియాల్టోలో సాన్ జాకొమో చర్చి వెనక వైపుకి తిరుగు. ఈ గుడి చుట్టూ వర్తకుల తూకాలు సరిగ్గా ఉండాలని, ఒప్పందాల్లో మోసం ఉండకూడదని లాటిన్‌లో చెక్కి ఉంది. జెనోవాకి టైమ్ లేకపోతే వదిలెయ్, ఇంకోసారి చూడొచ్చు.

చివరికి ఉంచుకోవాల్సింది రుచెల్లాయ్ ప్యాలెస్. ఆ ఇంటిపేరు ఒక ఊదా రంగు అద్దకం నుంచి వచ్చింది, దాంతోనే ఆ కుటుంబం పైకొచ్చింది. జొవాన్నీ రుచెల్లాయ్ సాంతా మరియా నొవెల్లా చర్చి ముఖభాగం కట్టించి, దాని మీద తన పేరూ 1470 అన్న సంవత్సరమూ పెద్ద అక్షరాలతో వేయించుకున్నాడు. రెండుచోట్లా గాలి నిండిన తెరచాప గుర్తు వెతుకు, అది వాళ్ల చిహ్నం. ప్యాలెస్ ముఖభాగం ఆర్కిటెక్ట్ అల్బెర్తీది అంటారు. కిటికీల నిలువు వరసలు ఏడు పూర్తయ్యాయి, ఎనిమిదోది మొదలై ఆగిపోయింది. కుడి అంచున రాళ్లు పళ్లలా పక్కకి పొడుచుకొచ్చి, రాబోయే రాయి కోసం అలాగే ఉన్నాయి. దాన్ని ఫొటో తియ్యకు. ఎదురుగా కూర్చుని ఆ అంచు ఒక్కటే స్కెచ్ వేసి, ఆ రాత్రే నాకు పంపు. అత్తయ్య నీకు పంపే కారప్పొడి డబ్బా పక్కన నా పాత కొలత టేపు పెట్టాను, మెడిచీ వాళ్ల అరుగు ఎత్తు కూడా కొలిచి రాయి.

నీ మామయ్య