ఎండ మండే ఊరా, ఉక్కపోసే ఊరా?

ప్రశ్న: అమ్మ రెంటచింతలలో ఉంటుంది. 68 ఏళ్లు, బీపీ ఉంది. మే నెలలో అక్కడ 45 దాటుతుంది. బందరులో తమ్ముడింట్లో 38 దగ్గరే కదా, అక్కడికి పంపితే ప్రమాదం తగ్గుతుందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: డిగ్రీలు మాత్రమే చూసి నిర్ణయించకండి. ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, అది ఆరడం. 45 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు, ఆ తడి ఆరుతున్న కొద్దీ, 26 దాకా దిగుతుంది. 38 డిగ్రీలు, తేమ 60 శాతమైతే 31 దగ్గరే ఆగిపోతుంది. అంటే బందరు ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు. పైగా పడమటి వేడిగాలి వీచి సముద్రపు గాలి ఆలస్యమైన రోజున బందరులోనూ 40 దాటుతుంది.

అలవాటు కూడా ముఖ్యమే. 2003లో ఐరోపాలో మామూలు కంటే 70 వేలమందికి పైగా ఎక్కువగా చనిపోయారు. పారిస్‌లో ఎండ 40 లోపే. ఆ ఇళ్లకూ ఆ వృద్ధులకూ అంత వేడి కొత్త. 2015లో మన రాష్ట్రంలో నమోదైన వడదెబ్బ మరణాలు 1,300 పైచిలుకు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. అక్కడ మొత్తం మరణాల పెరుగుదలను లెక్కించారు, ఇక్కడ వడదెబ్బ అని తేల్చినవే లెక్కలోకి వచ్చాయి. ఎండవేళ గుండెపోటుతో పోయినవారు చాలామంది ఇందులో ఉండరు.

కాబట్టి ఊరికంటే గది ముఖ్యం. రెంటచింతలలో వట్టివేళ్ల తడికలు, కూలరు బాగా పనిచేస్తాయి, గాలి పొడి కనుక. బందరులో కూలరు పెట్టి తలుపులు మూస్తే తేమ ఇంకా పెరుగుతుంది. అక్కడ ఎదురెదురు కిటికీలు, ఫ్యాన్, వీలైతే ఏసీ కావాలి. గదిలో 40 దాటితే ఒళ్లు పొడిగా ఉంచుకుని ఫ్యాన్ కింద కూర్చోకూడదు. తడి తువ్వాలు కప్పుకోవాలి. రాత్రి డాబా కింద గది చల్లారకపోతే పగటి అలసట మర్నాటికీ మిగిలిపోతుంది. విజయవాడ పాతబస్తీ ఇరుకు మేడల్లో పెద్దవాళ్లకు ఎక్కువ చేటు చేసేది ఇదే. అమ్మను పంపేటట్లయితే ఎండలు ముదరకముందే పంపండి, ఒంటికి కొత్త ఉక్క అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర వాడుతుంటే మోతాదు గురించి ముందే డాక్టరును అడగండి, సొంతంగా మానిపించకండి.

ప్రశ్న: వడదెబ్బకు పారాసిటమాల్ ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. ఇది ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరం కాదు, ఆ మాత్రకు తగ్గదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనిషి తికమకపడినా 108కి ఫోన్ చేయండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. అంబులెన్సు వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

స్పృహలో ఉండి నీరసపడిన వారికి ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, తలకొట్టి వేయాలి. ఉప్పు అంతకు మించకూడదు.