గోరు ఆగితే ఒక లెక్క, జారితే ఇంకో లెక్క

పార్కింగ్‌లో బైకు రాసుకుపోయి డోరు మీద గీత పడింది, బానెట్ మీద రాయి తగిలి రెండు చోట్ల పెచ్చు లేచింది, షెడ్డులో అడిగితే రెండూ మొత్తం పెయింట్ చేయాల్సిందే అన్నారు, నిజమేనా అని కదా మీ ప్రశ్న. అక్కర్లేదండి, తొందరపడకండి.

ముందు డోరు. తడి గుడ్డతో తుడిచి, గీతకు అడ్డంగా గోరు లాగి చూడండి. జారిపోతే గీత రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు, మైక్రోఫైబర్ గుడ్డ మీద కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ (పైపొరను సన్నగా అరగదీసే పేస్టు) వేసి మెల్లగా రుద్దితే చాలావరకు పోతుంది. ఒక్కోసారి అది గీత కూడా కాదు, హ్యాండిల్ రబ్బరు మరక. కానీ ఆ కోటు ఉండేదే 40, 50 మైక్రాన్లు, రుద్దిన ప్రతిసారీ అరుగుతుంది, కాబట్టి మోజుపడి రుద్దకండి. గోరు ఆగితే మాత్రం గీత ఇంకా లోతుకు దిగినట్టు, దానికి కింద బానెట్‌కి చెప్పే టచపే దారి.

అసలు టెన్షన్ పడాల్సింది బానెట్ గురించి. నేను గుంటూరు నుంచి విజయవాడ రోజూ తిరిగేవాణ్ని. కాజ టోల్‌గేట్ దాటాక ముందు పోతున్న టిప్పర్ దగ్గర్నుంచి కంకర ముక్క టప్పుమని వచ్చి తగిలింది. కందిగింజంత పెచ్చు, ఏమవుతుందిలే అని వదిలేశా. వానాకాలం వెళ్లేసరికి చుట్టూ తుప్పు, గోరుతో గీకితే పక్కన బాగున్న పెయింటు కూడా పొరలా లేచొచ్చింది.

అప్పుడు ఆటోనగర్ వెళ్లి, మనది తెల్ల కారే కదా అని ఏదో తెలుపు టచప్ సీసా తెచ్చా. మీగడ పక్కన సున్నం పెట్టినట్టుంది. కలర్ కోడ్ చూసుకుని కొనాలి, చాలా కార్లకు డ్రైవర్ డోరు తీస్తే పిల్లర్ మీదో, లేదా బానెట్ కిందో స్టిక్కర్ ఉంటుంది. కోడ్ చూసి సరైన సీసా తెచ్చాక ఇంకో తప్పు చేశా. మే నెల, పదకొండు గంటలు, బానెట్ పెనంలా కాలుతోంది, సీసాలోని బ్రష్షుతో ఒక్కసారే మందంగా పూసేశా. పైన అప్పుడే ఆరింది, లోపల ఆరలేదు, అంతా బుడగలు. మళ్లీ గీకాల్సి వచ్చింది.

మూడోసారి పొద్దున్నే ఆరింటికి, నీడలో. వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) చిన్న ముక్క పెన్సిల్ వెనక అంటించుకుని తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రంగు కింద వేసే పూత, అదే ప్రైమర్, ఓ చుక్క పెట్టా. అది ఆరాక టూత్‌పిక్ కొనతో రంగుని గుంటలోకి వదలడమే, పూయడం కాదు. అరగంటకో పొర చొప్పున నాలుగు పొరలు, మర్నాడు క్లియర్ కోట్, వారం ఆగి 2000, తర్వాత 3000 నంబరు వాటర్ పేపర్ నీళ్లతో, చివర్లో కాంపౌండ్. ముక్కు ఆనించి వెతికితే తప్ప కనబడదు.

మెటాలిక్ సిల్వర్ లాంటి రంగులయితే ఎంత చేసినా చుక్క కాస్త తెలుస్తుంది, తుప్పు ఆగింది చాలనుకోవాలి. సొట్ట పడినా, జానెడు పొడవున ఇనుము బయటపడినా మాత్రం పెయింటర్ దగ్గరికే. ఇన్సూరెన్స్‌లో పెడదామనుకుంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత పోతుందో లెక్కేసుకోండి, మొదటి ఏడాదికే 20 శాతం అది.

మీ పెచ్చుల్లో బూడిదరంగు కనబడుతోందా, ఇనుము కనబడుతోందా? బూడిదరంగయితే ప్రైమర్ ఇంకా ఉన్నట్టే, రంగు సీసా దొరికాక తీరిగ్గా చేసుకోవచ్చు. ఇనుమైతే ఈ ఆదివారమే ఆ పని చూడండి.