ఉద్దానానికి ఏ ప్రశ్నతో వెళ్లాలి?

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద మా బృందానికి కవిటి మండలంలో ఒక గ్రామాన్ని కేటాయించారు. అక్కడ ఇంటింటి సర్వే చేసి, బోరు నీటి నమూనాలు సేకరించి, కిడ్నీ జబ్బుకు కారణం తెలుసుకోవాలనుకుంటున్నాం. ఈ పద్ధతి సరైనదేనా?
– ఒక విద్యార్థిని, సోంపేట

జవాబు: సొంత ప్రాంతపు బాధను చదువులో భాగం చేసుకున్నందుకు చాలా సంతోషం, అమ్మా. అయితే కారణం కనిపెట్టే భారాన్ని మాత్రం నెత్తిన వేసుకోకండి. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అని పిలిచే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలను దశాబ్దాలుగా పట్టి పీడిస్తున్న ఈ జబ్బు విషయంలో తాగునీరు, సిలికా, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నింటినీ పరిశోధకులు అనుమానించారు గానీ, ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. 180 గంటల ప్రాజెక్టులో, కొన్ని సీసాల నీటితో తేలే విషయం కాదది. పైగా రక్తం, నీళ్లు ఇచ్చి, ఫలితం ఏమైందో తెలియకుండా మిగిలిపోయిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మళ్లీ అదే పని చేస్తే వారు తలుపు తీయకపోయినా తప్పుపట్టలేం.

మీరు చేయగలిగిన, ఊరికి నిజంగా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఒళ్లునొప్పులకు ఎవరు, ఏ మాత్రలు, ఎంత తరచుగా వేసుకుంటున్నారు? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. కొబ్బరి, జీడి తోటల్లో చెమటోడ్చి, తగినన్ని నీళ్లు తాగని మనిషికి ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఉద్దానం జబ్బుకు మూలం ఇదే అని కాదు. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఇవి హాని చేస్తాయన్న విషయంలో మాత్రం సందేహం లేదు.

అయితే “నొప్పి మాత్రలు వాడతారా?” అని అడగకండి, చాలామంది లేదనే అంటారు. పనికి వెళ్లొచ్చిన రాత్రి వేసుకునే బిళ్ల వారి లెక్కలో మందే కాదు. “ఇంట్లో ఉన్న మాత్రలు ఒకసారి చూపిస్తారా?” అని అడగండి. షాపులో రెండు మూడు బిళ్లలు కత్తిరించి ఇచ్చిన ముక్క మీద పేరు సగమే ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. అలాంటప్పుడు ఊహించి రాయకుండా “పేరు తెలియదు” అని రాసుకోండి. తాను మింగేదేమిటో తెలియనివారు ఊళ్లో ఎందరున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఎవరినీ ఏ మాత్రా మానేయమని మీరు చెప్పవద్దు. బీపీ మాత్ర కూడా కలిపి మానేస్తే ప్రమాదం. బయలుదేరే ముందే ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను, పీహెచ్‌సీ వైద్యాధికారిని కలవండి. బీపీ, షుగర్ ఉన్నవారిని, ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నవారిని క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష), మూత్ర పరీక్షలకు పంపే ఏర్పాటు వారితో కలిసి చేయండి. తొలి దశలో ఈ జబ్బుకు లక్షణాలే కనిపించవు కాబట్టి ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒక్కసారి క్రియాటినిన్ ఎక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక వ్యాధి అనరు, మూడు నెలలకు పైగా అలాగే ఉందో లేదో వైద్యులు చూస్తారని కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఎంతో భయం తగ్గుతుంది. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి ఎవరిని పంపాలో వైద్యాధికారే నిర్ణయిస్తారు.

నివేదిక కాలేజీకి ఇవ్వకముందే ఊళ్లో చదివి వినిపించండి.

ప్రశ్న: విద్యార్థుల నివేదికలో రోగుల ఫొటోలు, పేర్లు పెట్టవచ్చా?
– ఒక అధ్యాపకుడు, విజయనగరం

జవాబు: పెట్టకూడదు. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందని బయటపడితే పిల్లల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయపడే కుటుంబాలున్నాయి. పేరుకు బదులు అంకె వేయండి. చిన్న ఊరైతే వీధి పేరు, వృత్తి కూడా తీసేయండి, అవి చాలు మనిషిని గుర్తుపట్టడానికి. అనుమతి ముందే అడగాలి, మధ్యలో వద్దంటే అక్కడితో ఆపేయాలి.