షష్టిపూర్తికి ముందు అమ్మానాన్నల స్టూడియో ఫొటో: ఎలా సిద్ధం చేయాలి?

మీ నాన్నగారి షష్టిపూర్తికి ముందు అమ్మానాన్నలిద్దరికీ స్టూడియోలో మంచి పోర్ట్రెయిట్ తీయించాలనుకుంటున్నారు. నాన్నగారేమో కెమెరా చూడగానే బిగుసుకుపోతారు, అమ్మగారు "నేను నలుపు, ఫొటోలో బాగా రాను" అంటున్నారు, బట్టలు, మేకప్ సంగతి ఎలా చూసుకోవాలని అడిగారు. కాకినాడలో మాది పోర్ట్రెయిట్ స్టూడియో. పెద్దవాళ్ల ఫొటోలు తీయడమంటే నాకు చాలా ఇష్టం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అమ్మగారి మాట. ఆవిడ రంగుకి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. ముదురు చాయ ముఖం మీద పక్క నుంచి మెత్తటి వెలుతురు పడితే నుదురు, బుగ్గ, కళ్లు ఎంత నిండుగా కనిపిస్తాయో నేను రోజూ చూస్తున్నాను. ఫొటో పాడయ్యేది రంగు వల్ల కాదు. ముఖం మీదకి సూటిగా కొట్టే ఫ్లాష్ వల్ల, ఆ తర్వాత కంప్యూటర్‌లో ముఖాన్ని తెల్లగా చేయడం వల్ల. ముఖం ఒక రంగు, చేతులు ఇంకో రంగు ఉన్న ఫొటోలు మన పెళ్లి ఆల్బమ్‌లలో ఎన్నో చూసే ఉంటారు. బుక్ చేసుకునే రోజే గట్టిగా చెప్పండి: రంగు మార్చొద్దు, పుట్టుమచ్చలు తీయొద్దు, ముడతలు చెరిపేయొద్దు అని. మా స్టూడియోలో మొటిమ, దోమకాటు, షేవింగ్ గాటు లాంటి నాలుగు రోజుల్లో పోయేవి తీసేస్తాం. మనిషితో ఎప్పుడూ ఉండేవి ముట్టుకోం. స్టూడియో ఎంచుకునేటప్పుడు కూడా పెళ్లికూతుళ్ల ఫొటోలు కాకుండా, యాభై దాటినవాళ్ల ఫొటోలు చూపించమనండి. వాళ్ల పనితనం అక్కడే తెలుస్తుంది.

మేకప్ ఎంత తక్కువైతే అంత మంచిది. అసలు చాయ కన్నా లేత ఫౌండేషన్ వేస్తే దవడ కింద గీత పడినట్టు కనిపిస్తుంది. కొన్ని సన్‌స్క్రీన్‌లు, హెచ్‌డీ పౌడర్లు (మేకప్ పైన చివర్లో అద్దే మెత్తటి తెల్ల పౌడర్లు) మామూలు కంటికి బాగానే ఉంటాయి కానీ ఫ్లాష్ పడగానే తెల్లగా మెరుస్తాయి. ముఖం కడుక్కుని, పల్చగా మాయిశ్చరైజర్ రాసుకుని, జిడ్డు అద్దుకోవడానికి టిష్యూలు దగ్గర పెట్టుకుంటే చాలు. కుంకుమ పెట్టుకునే అలవాటు ఉంటే స్టూడియోకి వచ్చాకే పెట్టుకోమనండి, దారిలో ముక్కు మీద రాలుతుంది. తలంటు ముందు రోజే కానివ్వండి. అదే రోజు పోసుకుంటే వెంట్రుకలు ఎగురుతూ దువ్వెనకి లొంగవు. నాన్నగారు జుట్టుకి రంగు వేసుకుంటుంటే మూడు నాలుగు రోజుల ముందే వేసుకోవాలి, నుదుటి అంచున అంటిన మరక పోయేదాకా ఆగాలి కదా. ఇన్నాళ్లూ వేసుకోకపోతే ఇప్పుడు ఫొటో కోసం మొదలుపెట్టొద్దు.

బట్టల దగ్గర చాలామంది కొత్త పట్టుచీర కొంటారు. కొత్త పట్టు బిరుసుగా ఉంటుంది, కుచ్చిళ్లు ఉబ్బుతాయి, మనిషి కూడా చీరకి భయపడుతూ కూర్చుంటుంది. ఒకటి రెండుసార్లు కట్టి అలవాటైన చీర మంచిది. మెరూన్, బాటిల్ గ్రీన్, నేవీ బ్లూ లాంటి ముదురు రంగులైతే చూపు ముఖం మీద నిలుస్తుంది. చిలకపచ్చ, రాణీ పింక్ లాంటి కొట్టొచ్చినట్టుండే రంగుల నీడ గడ్డం కింద చర్మం మీద పడుతుంది. జరీ అంచు మరీ వెడల్పుగా ఉంటే లైట్లకి అదే ముందు కనిపిస్తుంది. జాకెట్టు మాత్రం వారం ముందే ఒకసారి వేసుకుని చూడమనండి. బిగుతైన జాకెట్టుతో ఊపిరి సరిగ్గా ఆడక ముఖంలో ఇబ్బంది కనిపిస్తుంది. నల్లపూసలు, పుస్తెలతాడు మెలిపడకుండా ఎవరైనా సర్దాలి. అందుకు మీ అక్కో వదినో పక్కన ఉంటే అమ్మగారికి మొహమాటం ఉండదు.

ఈ మొహమాటం చిన్న విషయం కాదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళా ఫొటోగ్రాఫర్‌కి అప్పజెప్పారు. మీరు వెళ్లే చోట మహిళా అసిస్టెంట్ ఉన్నారేమో అడగడంలో తప్పు లేదు.

నాన్నగారికి తెల్ల పంచె, కండువా అయితే వెనక బ్యాక్‌గ్రౌండ్ ముదురుగా ఉండాలి, లేకపోతే భుజాలు తెలుపులో కలిసిపోతాయి. సన్నటి గళ్ల చొక్కా వద్దు, ఫొటోలో అలల్లాంటి గీతలు వస్తాయి. జేబులో ఫోన్, పెన్ను, కళ్లజోడు డబ్బా ముందే తీసేయాలి. ఎండకి నల్లబడే అద్దాలైతే లోపలికి వచ్చి అవి తెల్లబడేదాకా కాసేపు కూర్చోవాలి. రోజూ కళ్లజోడు పెట్టుకునే మనిషికి కళ్లజోడుతోనే తీయించండి. అద్దంలో లైటు కనిపిస్తే లైటు జరపాలి, లేదా కళ్లజోడు కాడల్ని చెవుల దగ్గర కొద్దిగా పైకి ఎత్తి పెట్టాలి. అది ఫొటోగ్రాఫర్ పని.

ఇక బిగుసుకుపోవడం. "నవ్వండి నాన్నా" అని మీరు అన్నకొద్దీ అది పెరుగుతుంది. చుట్టూ నలుగురు నిలబడి తలో మాట చెబుతుంటే ఎవరికైనా అంతే. నాన్నగారు ఏ ఉద్యోగం చేశారు, దేని గురించి ఇష్టంగా మాట్లాడతారు అన్నది ఫొటోగ్రాఫర్‌కి ముందే ఫోన్‌లో చెప్పి ఉంచండి. రిటైరైన ఒక లెక్కల మాస్టారు మా దగ్గర చాలాసేపు కొయ్యలా కూర్చున్నారు. మా అబ్బాయి పదో తరగతి లెక్క ఒకటి అడగ్గానే ముందుకి వంగి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ల ఇంటి హాల్లో ఇప్పుడున్నది ఆ క్షణంలో తీసిన ఫొటోయే. కుర్చీలో వెనక్కి వాలకుండా ముందు సగంలో కూర్చోమనాలి, నడుము దానంతటదే నిటారుగా వస్తుంది. మోకాళ్ల మీద పిడికిళ్లు పెట్టే అలవాటు మన పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది, కళ్లజోడో పేపరో చేతికిస్తే వేళ్లు వదులవుతాయి. కళ్లు మూసుకుని, చెప్పగానే తెరవమంటే చూపు తాజాగా ఉంటుంది. పళ్లు కనపడేలా నవ్వడం ఇష్టం లేకపోతే బలవంతం చేయొద్దు.

ఉదయం టిఫిన్ తిని, బీపీ, షుగర్ మాత్రలు వేసుకుని పదింటికల్లా వెళ్తే బాగుంటుంది. ఉపవాసం రోజు వద్దు. స్టూడియో పై అంతస్తులో ఉంటే లిఫ్ట్ ఉందో లేదో కనుక్కోండి. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి వచ్చిన మనిషి ముఖంలో ఆ నొప్పి చాలాసేపు ఉంటుంది.

జంట ఫొటో ఒక్కటే అనుకోకండి. శుభకార్యం ముందు ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, కానీ మీకు చెప్పాలి. పెద్దవాళ్లు పోయాక, పెళ్లి గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించిన ముఖమో, ఆధార్ కార్డు మీది బొమ్మో పట్టుకుని, పెద్దది చేసివ్వమని వచ్చే పిల్లల్ని చూస్తుంటాను. అందులో ఎంత పని చేసినా ఆ కళ్లు రావు. ఇద్దరికీ విడివిడిగా ఒక్కో పోర్ట్రెయిట్ తీయించండి. వీలైతే పట్టుబట్టలతో ఒకటి, ఇంట్లో రోజూ కట్టుకునే బట్టలతో ఒకటి. జంటగా తీసేటప్పుడు మాత్రం ఇద్దరి తలలూ దగ్గరగా ఉండేలా చూడండి, సిగ్గుపడి మధ్యలో జానెడు చోటు వదిలేస్తారు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుని తీసుకోకండి, సైజు తగ్గిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో పూర్తి సైజు ఫైళ్లు అడగండి. 12×18 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 3600×5400 పిక్సెల్స్ ఉండాలి. గోడకి ఎదురుగా కిటికీ ఉంటే మెరిసే గ్లాసీ కాకుండా మెరుపు లేని మ్యాట్ ప్రింటు వేయించండి. ఆహ్వాన పత్రిక మీద కూడా ఈ ఫొటోయే వేయాలనుకుంటే పత్రికలు అచ్చుకిచ్చే తేదీకి కనీసం రెండు మూడు వారాల ముందే సెషన్ పెట్టుకోండి. అప్పుడు నాన్నగారికి ఆ రోజు ఒంట్లో బాగోకపోయినా ఇంకో రోజుకి మార్చుకునే వీలుంటుంది.