పని బయటికిస్తే దేశానికి ఒరిగేదేంటి?

ప్రశ్న: కంపెనీలు అకౌంట్స్, జీతాల లెక్కలు, సెక్యూరిటీ, క్లీనింగ్ అన్నీ బయటి ఏజెన్సీలకి ఇచ్చేస్తున్నాయి. దీనివల్ల సేవారంగం పెరిగి దేశం ఎదుగుతోంది అంటారు. నిజంగా ఎదుగుతోందా, లేక పని చేతులు మారడమేనా?

జవాబు: మీ అనుమానంలో సగం నిజం ఉందండి. చిన్న లెక్క వేద్దాం. ముడిసరుకు ఖర్చు పోగా ఒక ఫ్యాక్టరీ 100 కోట్ల విలువ సృష్టిస్తోంది, అందులో 10 కోట్లు దాని సొంత అకౌంట్స్ సెక్షన్ పని అనుకోండి. రేపు ఆ సెక్షన్‌ని బయటి కంపెనీకి అప్పజెప్పారు, అవే లెక్కలు, ఆ మనుషులే, కుర్చీలు కూడా అవే కావచ్చు, కానీ జీడీపీ లెక్కల్లో తయారీ రంగం 90కి పడిపోయి సేవారంగానికి 10 కలుస్తుంది, మొత్తం మాత్రం అదే 100. అంటే సేవారంగం పెరిగిందని చెప్పేదాంట్లో కొంత వట్టి పేరు మార్పే.

మిగతా సగం మాత్రం నిజమైన లాభమే. వందల కంపెనీల జీతాల లెక్కలు ఒక్కచోటే చేసేవాడికి సాఫ్ట్‌వేర్ ఖర్చు అందరి మీదా పడి తగ్గిపోతుంది, చేయి తిరుగుతుంది, తప్పులు తగ్గుతాయి, నలుగురితో మొదలైన చిన్న కంపెనీకి కూడా లాయర్, ఆడిటర్, ఐటీ మనిషి మొదటిరోజు నుంచే దొరుకుతారు, ఇది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. మరి అన్నీ బయటికే ఎందుకివ్వరు అంటే, రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1937లోనే చెప్పాడు, బయట కొనడానికి ధర ఒక్కటే కాదు, మనిషిని వెతకడం, బేరం, కాంట్రాక్టు రాసుకోవడం, వీటికీ ఖర్చవుతుంది అని. కంప్యూటర్లు, ఇంటర్నెట్ వచ్చాక ఆ ఖర్చు చాలా తగ్గింది. 1989లో కోడాక్ తన కంప్యూటర్ సెంటర్ల పని ఐబీఎంకి ఇచ్చాక పెద్ద కంపెనీలు చాలా అదే దారి పట్టాయి.

నాకు బాధ కలిగించేది జీతాల సంగతి. జర్మనీలో క్యాంటీన్, క్లీనింగ్, సెక్యూరిటీ, లాజిస్టిక్స్ పనుల మీద 2017లో వచ్చిన పరిశోధనలో, పని బయటికి వెళ్ళాక అదే పని చేసేవాళ్ళ జీతం సుమారు 10 నుంచి 15 శాతం తగ్గినట్టు తేలింది. అలా మిగిలింది కొత్తగా పుట్టిన సంపద కాదు కదా, ఊడ్చేవాళ్ళ జేబులోంచి యజమాని జేబులోకి వెళ్ళిన డబ్బు, దాన్ని ఎదుగుదల అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ప్రశ్న: మరి విదేశీ కంపెనీల పని తెచ్చుకోవడం?

జవాబు: అది వేరే కథ, అక్కడ డాలర్లు లోపలికొస్తాయి. ఫిలిప్పీన్స్‌లో కాల్ సెంటర్ల లాంటి ఈ విదేశీ పనుల రంగంలో 10 లక్షలమందికి పైగా పనిచేస్తున్నారు, విదేశాల్లో ఉన్న తమవాళ్ళు పంపే డబ్బుతో పాటు ఆ దేశానికి విదేశీ మారకం తెచ్చే పెద్ద దారుల్లో ఇదొకటి. కాకపోతే పని ఇచ్చే దేశంలో మాంద్యం వస్తే ఆ దెబ్బ ఇక్కడా తగులుతుంది, పైగా ఇప్పుడు ఏఐ ముందుగా దూరుతున్నది కాల్ సెంటర్ల పనిలోకే, అందుకే ఫోన్ కాల్స్ దగ్గరే ఆగిపోకుండా ఆడిటింగ్, డిజైన్, ఇంజినీరింగ్ లాంటి పనులకి మనుషుల్ని ఇప్పట్నుంచే తయారు చేసుకోవాలి.