మార్కుల పట్టిక తీసెయ్

అమ్మలూ,

నవ్వించే సైన్స్ ఫిక్షన్ నవలల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒక్కో నవలకి హాస్యానికి పదికిన్ని, సైన్సుకి పదికిన్ని అని మార్కులు వేశావు చూడు, ముందు ఆ పట్టిక తీసెయ్. పరీక్ష పేపర్లు దిద్దినట్టుంది.

నేనైతే ఒక్కో నవలలోంచి ఒక్క జోకు పట్టుకుంటాను. అందులోంచి సైన్సు లాగేస్తే ఇంకా నవ్వొస్తుందా అని చూస్తాను. ఆండీ వెయిర్ 'ద మార్షియన్' తీసుకో. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్నవాడు బంగాళాదుంపలు పండించాలి, నీళ్లు లేవు. రాకెట్ ఇంధనం హైడ్రజీన్‌ని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ని మండించి నీళ్లు చేస్తాడు. లెక్కలన్నీ వేసుకుంటాడు, తాను వదిలే ఊపిరిలోనూ ఆక్సిజన్ ఉంటుందన్నది తప్ప. ఢామ్మంటుంది! కెమిస్ట్రీ తీసేస్తే ఆ జోకే లేదు. పైగా వాడు డైరీ రాసుకుంటున్నాడు కాబట్టి ఆ వెటకారం మనకోసం కాదు, భయం పుట్టకుండా తనకి తాను చెప్పుకునేది. టోన్ అంటే నేను చూసేది అదే: ఎవరు, ఎందుకు నవ్విస్తున్నారని.

డగ్లస్ ఆడమ్స్ 1979 నవల 'ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ'కి నువ్వు సైన్సులో సున్నా వేశావు. తొందరపడ్డావు. అందులో అసంభవాలతో నడిచే ఇంజను పుణ్యమా అని ఒక క్షిపణి ఆకాశంలో తిమింగలమైపోతుంది. అది కింద పడుతూ తన పొట్టకి, తోకకి, చెవుల పక్కన హోరుమనే గాలికి పేర్లు పెట్టుకుంటుంది. ఎదురొస్తున్న నేల తనతో స్నేహం చేస్తుందేమో అనుకుంటుంది పాపం. ఇంజను పచ్చి అబద్ధం, ఒప్పుకుంటాను. కానీ గురుత్వాకర్షణ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. అదొక్కటీ లేకపోతే ఆ పేజీలో నవ్వూ లేదు, జాలీ లేదు.

తప్పులు వెతకడం వేరు, లోతు చూడడం వేరు. వెయిర్ కథలో వాడు ఒంటరిగా చిక్కుకోవడానికి మూలమైన తుఫానే నిలబడదు. అంగారకుడి మీద గాలి పీడనం మన భూమి మీద ఉన్నదాంట్లో నూరో వంతు కూడా ఉండదు, ఎంత వేగంగా వీచినా రాకెట్‌ని వంచలేదు. ఆ సంగతి ఆయనా ఒప్పుకున్నాడు. నువ్వు దాన్ని పట్టుకోలేదు, పదికి పది ఇచ్చేశావు!

పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్‌ని వదిలేశావెందుకు? నేననేది నవల కాదు, 'ఏడో ప్రయాణం' అనే చిన్న కథే. ఇద్దరుంటే తప్ప బిగించలేని చుక్కాని, అంతరిక్ష నౌకలో ఒక్కడే మనిషి. కాలపు సుడుల్లో నిన్నటి తాను, రేపటి తాను వచ్చి చేరతారు. మనుషులకి కొదవ లేదు, చుక్కాని సంగతి వదిలేసి పోట్లాడుకుంటారు. అది చదివాక రెండో పేరా మళ్లీ రాసి పంపు.

మీ పెదనాన్న