మడవ ఎక్కడ కట్టారు, ఎప్పుడు కట్టారు

నెల్లూరు

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

జన్యువును కావాల్సిన కణాల్లో, కావాల్సినప్పుడు మాత్రమే తొలగించే పద్ధతి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. "జీబ్రా చేపలో ఆ జన్యువును తొలగించారు" అని ఒక్క ముక్కతో దాటేశావు. ఏ కణాల్లో తొలగించారు, ఏ రోజున, తొలగిందని ఎలా తెలిసింది? మన తీరం రొయ్యల హేచరీల్లో పిల్ల చస్తే నాప్లీలోనా, జోయియాలోనా, పీఎల్‌లోనా, ఏ ఎదుగుదల దశలో అని ముందడుగుతారు. నీ పాఠకులు వాళ్లే.

మొదటి కణం నుంచే జన్యువు లేకపోతే పిండం దశలోనే చేప చచ్చిపోవచ్చు. పెద్దయ్యాక ఆ జన్యువు చేసే పనేమిటో ఇక చూడలేం. సోమశిల గేట్లు దించడం వేరు, ఒక్క మడికి మడవ కట్టడం వేరు. ఈ పోలిక ఒక్కసారే వాడు, సాగదీస్తే నీళ్లే మిగుల్తాయి.

కోయాల్సిన చోటికి గుర్తుగా పెట్టే లాక్స్‌పీ 34 అక్షరాల డీఎన్ఏ ముక్క. అటు 13, ఇటు 13, మధ్యలో 8. తీసేయాల్సిన ఎక్సాన్‌కు (జన్యువులో ప్రోటీన్ సమాచారం ఉండే భాగం) రెండు పక్కలా, ఇంట్రాన్లలో (ఎక్సాన్ల మధ్య భాగాలు), ఒకే దిశలో పెడతారు. ఎదురెదురుగా పెడితే ముక్క ఊడదు, తిరగబడుతుంది. ఎక్సాన్ పొడవు 3తో నిశ్శేషంగా భాగింపబడేదైతే అది పోయినా మూడేసి అక్షరాలుగా చదివే వరస చెడదు, కురచ ప్రోటీన్ పని చేస్తూనే ఉండొచ్చు. రెండు లాక్స్‌పీలూ ఒకే క్రోమోజోమ్ మీద పడాలి. పడ్డాయో లేదో తరవాతి తరంలో రెండూ కలిసి వస్తున్నాయా అని చూసి తేల్చుకుంటారు. తరమంటే సుమారు 3 నెలలు. ఇన్నాళ్లెందుకు పట్టిందో పాఠకుడికి అక్కడే అర్థమవుతుంది.

లాక్స్‌పీల దగ్గర కోసేది క్రే అనే ఎంజైమ్. మనం చెప్పినప్పుడే కోయాలంటే మందు తగిలితేనే పనిచేసే క్రే రకం, క్రే-ఈఆర్‌టీ2 ఉన్న చేపల పిండాలకు, 28.5 డిగ్రీల నీళ్లలో, 4-హైడ్రాక్సీటమాక్సిఫెన్ అనే మందు ఇస్తారు. మామూలుగా 5 నుంచి 10 మైక్రోమోలార్ గాఢతలో, అదీ చీకట్లో. వెలుతురు తగిలినా, ఎక్కువ కాలం నిల్వ ఉన్నా మందు బలం తగ్గుతుంది. పాత ద్రావణాన్ని 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేసి వాడేది అందుకే. క్రే లేకుండా మందు ఒక్కటే ఇచ్చినవి, మందు లేకుండా క్రే ఒక్కటే ఉన్నవి పక్కన పెట్టకపోతే, లోపం జన్యువు పోయినందుకు వచ్చిందో మందు వల్ల వచ్చిందో చెప్పలేం.

పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) చిన్న బ్యాండ్, అంటే ఎక్సాన్ ఊడి కురచైన డీఎన్ఏ గీత, కనిపించిందని "పూర్తిగా పోయింది" అని రాసేశావు. పెద్ద బ్యాండ్ కూడా ఉంటే కొన్ని కణాల్లో జన్యువు మిగిలే ఉంది. పోయిన కణాల్లోనూ పాత ప్రోటీన్ కొంతకాలం నిలుస్తుంది, అందుకే లోపం ఆలస్యంగా బయటపడొచ్చు.

మందు మోతాదు రాశావు గానీ ఎన్ని గంటలు ఉంచారో రాయలేదు. అది పూరించి మళ్లీ పంపు.